చెప్పిందీ టైపు కొట్టిందీ

మా ముందుగదిలో కిటికీ పక్కన ఉన్న కంప్యూటరు మీద మా అత్తగారు సలోమి గారు అల్లిన లేసు గుడ్డ కప్పి ఉండేది. మా అమ్మాయి మానస ఒకటో తరగతిలో ఉండగా కొన్న కంప్యూటరది. మానస ఇప్పుడు తాడేపల్లిగూడెంలో ఇంజనీరింగ్ చదువుతోంది, దానికి లాప్‌టాప్ ఉంది. ఆదివారం ఆదివారం లేసు గుడ్డ ఉతికి మళ్లీ కప్పడం తప్ప ఆ పాత కంప్యూటరుతో మాకెవరికీ పని లేదు. దాన్ని బాగుచేయించమని ఒకరోజు అత్తగారే అడిగారు.

"ఎవరికత్తయ్యగారూ?" అన్నాను.

"నాకేనమ్మా. నేర్చుకుంటాను."

ఆవిడకి డెబ్బై ఆరేళ్లు. ఏలూరులోనే ఒక ప్రభుత్వ కార్యాలయంలో తెలుగు టైపిస్టుగా చేసి రిటైరయ్యారు. చివరి రోజుల్లో ఆఫీసుకి కంప్యూటర్లు వచ్చాయి కానీ, "వెళ్లిపోయే ముందు మీకెందుకండీ ఈ శ్రమ" అని మర్యాదగా ఆవిడ టేబుల్ దగ్గర మాత్రం పెట్టలేదట. అందుకని కంప్యూటరు ముందు ఆవిడ ఎప్పుడూ కూర్చోలేదు.

ఇప్పుడెందుకు అడిగారో నాకు తెలుసు. మా చర్చి సంఘానికి డెబ్బై అయిదేళ్లు నిండుతున్నాయి. జ్ఞాపక సంచిక వేస్తున్నారు. పాస్టర్ల గురించి, గుడి కట్టించిన పెద్దల గురించి వ్యాసాలు వచ్చేశాయి. స్త్రీల సమాజం గురించి రాయవలసింది అత్తగారు. సంఘం పెట్టిన ఇరవై ఏళ్లకి మొదలైన ఆ సమాజంలో తొలినాటి ఆడవాళ్లలో ఆవిడ ఒక్కరే మిగిలారు. కానీ నిరుడు బాత్‌రూమ్‌లో పడి కుడి మణికట్టు విరిగింది. అతికింది గానీ బొటనవేలికి పట్టు రాలేదు. పెన్ను పట్టుకుంటే అక్షరం వంకర్లు పోయి ఆవిడకే అర్థమయ్యేది కాదు. కమిటీ సెక్రటరీ కృపావరం గారు ఇంటికొచ్చి కాఫీ తాగి, "మీరు శ్రమపడకండి, సలోమి గారూ. ప్రెస్సుకి ఇచ్చేలోగా రెండు లైన్లు మేమే వేసేస్తాం లెండి" అని చెప్పి వెళ్లారు.

ఆయన వెళ్లాక అత్తగారు కాఫీ కప్పు తీసి లోపల పెట్టారు. తర్వాత "రెండు లైన్లట" అన్నారు.

నేను కాగితాలు తెచ్చుకుని కూర్చున్నాను. "మీరు చెప్పండి, నేను రాస్తాను."

"రూతమ్మ గారింట్లో ఇత్తడి తపేలా ఉండేది" అని ఆవిడ ఆగారు.

కాసేపు చూశాను. "ఆ రోజుల్లో రూతమ్మ గారింట్లో ఒక పెద్ద ఇత్తడి తపేలా ఉండేది అని రాయనాండీ?"

"పెద్దదని నేను చెప్పలేదుగా."

కొట్టేశాను. ఇంకో రెండు వాక్యాలయ్యాక ఆవిడే చాలన్నట్టు చెయ్యెత్తారు. "నీ తప్పేం లేదమ్మా, క్యాథరిన్. సర్వీసంతా ఇంకొకళ్లు చెప్తే నేను కొట్టాను. నాదని ఒక్క కాగితం కొట్టుకోలేదు. ఇప్పుడు నేను చెప్పి నువ్వు రాస్తే అదీ నాది కాకుండా పోతోంది."

ఆఫీసు ఉత్తరాల సంగతి అప్పుడే చెప్పారు. ప్రతి ఉత్తరానికీ అడుగున ఎడమపక్క చిన్నగా, చెప్పిన ఆఫీసరు పొడి అక్షరాలు, ఒక గీత, దాని పక్కన టైపు కొట్టినవాళ్ల పొడి అక్షరాలు వెయ్యాలట. ఎంతమంది ఆఫీసర్లు మారినా గీతకి ఇవతల మాత్రం ఎప్పుడూ స.లో. అని ఈవిడ అక్షరాలే.

పవర్‌పేటలో కంప్యూటర్ల షాపు నడిపే ఫణికిరణ్‌ని పిలిపించాను. డబ్బా విప్పగానే అతను ముక్కు మూసుకున్నాడు. "దీన్లో పుట్టెడు దుమ్ముందండీ. ఇదిగో, బల్లి గుడ్లు కూడా పెట్టింది."

"పిల్లలై వెళ్లిపోయాయా?" అన్నారు అత్తగారు కుర్చీలోంచి.

"ఎప్పుడో వెళ్లిపోయాయండీ. మామ్మగారూ, నా మాట విని ఓ టాబ్ కొనుక్కోండి. పడుకుని పాటలు వినొచ్చు."

"పడుకుని పాటలు వినే వయసు ఇంకా రాలేదు నాయనా."

అతను నవ్వి పనిలో పడ్డాడు. పాత హార్డ్ డిస్కు తీసి కొత్తరకం డిస్కు వేశాడు. ర్యామ్ పెంచాడు. స్విచ్ వేసినప్పుడల్లా కంప్యూటరు ఏదో పాత సంవత్సరం జనవరి ఒకటినే చూపిస్తోంటే, లోపల గడియారానికి ఉండే బిళ్ల బ్యాటరీ మార్చాడు. అది మార్చేటప్పుడు అత్తగారు, "పాత తేదీ చూపిస్తే మాత్రం ఏం పోయింది" అన్నారు. తెర మీద అక్షరాలు పెద్దవి చేశాడు. ఇదివరకు తెరుచుకునేలోగా నేను పొయ్యిమీద పాలు పెట్టి వచ్చేదాన్ని, ఇప్పుడు కుర్చీ లాక్కునేలోగా తెరుచుకుంటోంది.

కీబోర్డు దగ్గర మాత్రం పేచీ వచ్చింది. అతను పల్చటి కొత్త కీబోర్డు తెచ్చాడు. అత్తగారు రెండు మీటలు నొక్కి చెయ్యి తీసేశారు. "దీనికి అడుగు తగలడం లేదు. పాతదే ఉంచు నాయనా." ఆ బరువైన పాత కీబోర్డు మీటలన్నీ మానస ఊడదీసి, సబ్బునీళ్లలో కడిగి, ఒడియాల్లా చేటలో ఆరబెట్టి మళ్లీ బిగించింది. ఆవిడకి పాఠం మొదలుపెట్టింది కూడా అదే. ఆదివారం దాకా నాలుగు రోజులు సెలవుండి గూడెం నుంచి వచ్చింది.

"చాలా తేలిక మామ్మా. ఇంగ్లీషులో ఏ ఎమ్ ఎమ్ ఏ కొట్టు. అమ్మ అని తెలుగులో వస్తుంది."

"అమ్మని ఇంగ్లీషులో ఎందుకే కొట్టడం?"

"అందరూ అలాగే కొడతారు."

ఆవిడ వేలు పైకెత్తి, ఎమ్ ఎక్కడుందో వెతికి, నొక్కి, తెరవైపు చూసి, మళ్లీ వెతికారు. రూతమ్మ అన్న పేరులో 'రూ'కి రెండు 'ఓ'లు కొట్టాలో ఒక 'యూ' కొట్టాలో తెలియలేదు. ఒకసారి 'రుతమ్మ' వచ్చింది, ఒకసారి 'రోతమ్మ' వచ్చింది. రెండోది చూసి మానస పడీపడీ నవ్వింది. అత్తగారూ నవ్వారు గానీ ముందు ఆపింది ఆవిడే.

రెండో రోజు సాయంత్రానికి సగం పేరా కూడా కాలేదు. ఆవిడ లేచి లేసు గుడ్డ తెచ్చి కంప్యూటరు మీద జాగ్రత్తగా కప్పారు. అంచులు సరిచేశారు. "నాకు రాదులేమ్మా. కృపావరం గారికి ఫోన్ చేసి ఆ రెండు లైన్లూ వేసేసుకోమని చెప్పు."

"రేపు చేస్తానండి" అన్నాను. మర్నాడు ఆదివారం.

గుడిలో నేనెప్పుడూ ఆవిడ పక్కనే కూర్చుంటాను. పాస్టరుగారు వాక్యం చెబుతున్నంతసేపూ ఆవిడ చేతులు ఒళ్లో ఉన్న బైబిలు అట్ట మీద ఉంటాయి. వేళ్లు కదులుతూనే ఉంటాయి. ఈ ఇంటికి కోడలిగా వచ్చిన కొత్తలోనే గమనించాను. ప్రార్థన చేసుకుంటున్నారనుకునేదాన్ని. తర్వాత అలవాటు అనుకున్నాను. ఆ తర్వాత అసలు చూడ్డం మానేశాను. ఆ ఆదివారం ఎందుకో చూశాను. పాస్టరుగారు ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడు వేళ్లూ ఆగాయి. ఆయన మొదలుపెట్టగానే మొదలయ్యాయి. కొంతసేపటికోసారి ఎడమచెయ్యి కొద్దిగా లేచి, గాలిలో దేన్నో కుడివైపుకి నెట్టి, మళ్లీ అట్ట మీదకి దిగుతోంది.

టైపు మిషన్ మీద ఒక లైను అయిపోతే అలా నెడతారు. ఆవిడ ప్రసంగం మొత్తం టైపు కొడుతున్నారు. కళ్లు పాస్టరుగారి మీదే ఉన్నాయి.

ఆరాధన అయ్యాక మెట్లమీదే ఫణికిరణ్‌కి ఫోన్ చేశాను. "పాత తెలుగు టైపు మిషన్ మీద మీటలు ఎలా ఉంటాయో, కంప్యూటర్లో కూడా అలా పెట్టడానికి కుదురుతుందా అండీ?"

"టైపురైటర్ లేఅవుటా, మేడమ్? అదెవరు వాడతారండీ ఇప్పుడు. ప్రెస్సుల్లో పాత డీటీపీ వాళ్లు అడిగితే వేస్తాం."

"మాకూ వెయ్యండి."

"వేస్తానండీ. కానీ మీటల మీద ఇంగ్లీషక్షరాలే కదా ఉంటాయి, మామ్మగారు ఏది ఎక్కడుందో ఎలా చూసుకుంటారు?"

"చూసుకోరు" అన్నాను.

మధ్యాహ్నం వచ్చి వేసి వెళ్లాడు. అత్తగారికి చెప్పాను. ఆవిడ నావైపు అనుమానంగా చూసి కూర్చున్నారు. వేళ్లు మీటల మీద ఆనించారు. మణికట్లు పైకి లేచాయి. వీపు నిటారైంది. నేను పెళ్లయి వచ్చేటప్పటికే ఆవిడ మిషన్ ఇంటికి తెచ్చుకునే రోజులు పోయాయి కాబట్టి, ఆవిడ అలా కూర్చోవడం నేనెప్పుడూ చూడలేదు.

ముందు అక్షరం, దానికి తలకట్టు, దీర్ఘం, కింద ఒత్తు, అన్నీ విడివిడి మీటలే. అయినా ఒకే చప్పుడులా వినిపించింది. తెర మీద రూతమ్మ అని పడింది. తప్పు లేదు.

రెండు మూడు మీటలు మాత్రం ఆవిడ మిషన్‌లో ఉన్నచోట లేవు. అక్కడికొచ్చేసరికి నాలుక చప్పరించి, దిద్దుకుని, మళ్లీ తప్పు చెయ్యలేదు. కొట్టుడు మాత్రం ఇనుప మిషన్‌ని కొట్టినట్టే. బల్ల ఊగుతోంది. లైను చివరికి రాగానే ఎడమచెయ్యి లేచి కుడివైపుకి నెట్టింది, మంచినీళ్ల గ్లాసు కింద పడింది.

"మామ్మా, లైను దానంతటదే మారుతుంది" అంది మానస గుడ్డ తెస్తూ.

"నువ్వు గ్లాసు అక్కడినుంచి తియ్యవే. నా చెయ్యి మారదు."

ఆ వారమంతా మధ్యాహ్నం పూట ఆ చప్పుడు వింటూ వంటింట్లో పని చేసుకున్నాను. నేను వచ్చాక ఈ ఇంట్లో ఎప్పుడూ వినని చప్పుడు. అయినా నాకెందుకో కొత్తగా అనిపించలేదు. ఆకివీడులో చేపల మేత కంపెనీలో పనిచేసే మావారు ఆనంద్ పాల్ ఒకరోజు మధ్యాహ్నమే ఇంటికి వచ్చేసి గుమ్మంలోనే నిలబడిపోయారు. చెప్పులు విప్పడం మర్చిపోయి విన్నారు. "చిన్నప్పుడు నేను ఈ చప్పుడుకే నిద్రపోయేవాణ్ని" అన్నారు.

అయిపోయాక అత్తగారు నన్ను పిలిచి చదవమన్నారు.

"రూతమ్మ గారింట్లో ఇత్తడి తపేలా ఉండేది. వంటకి బియ్యం పోసుకునేముందు ప్రతి ఇల్లాలూ దేవునికని ఒక పిడికెడు తీసి పక్కన పెట్టేది. ఆదివారం ఆ బియ్యమంతా ఆ తపేలాలో పడేది. వీరరాఘవమ్మ గారు మన సంఘం కాదు. మా పక్కిల్లు. ఆవిడా ఒక డబ్బా పెట్టుకుని పిడికెడు వేసేవారు. ఎవరి దేవుడికండీ అంటే, ఆకలికి అనేవారు. కొల్లేరు పొంగిన ఏడు ఆ బియ్యం పడవలో వేసుకుని లంక గ్రామాలకి వెళ్లాం. ముత్యాలమ్మ అనే ఆవిడ గట్టుమీద పొయ్యి పెట్టింది. ఆవిడ ఇల్లు నీళ్లలో ఉంది. తనవాళ్లకి ఆఖర్న పెట్టుకుంది. గుడి గోడలు ఎవరు కట్టించారో ఈ పుస్తకంలో ఉంది. ఈ పేర్లు ఎక్కడా లేవు, అందుకని కొట్టాను."

ఇంకా రెండు పేజీలుంది. 'ఆ రోజుల్లో' అని ఎక్కడా లేదు. తపేలా పెద్దదో చిన్నదో చెప్పలేదు. ఒకచోట కామా పెడితే బాగుండుననిపించింది. పెట్టలేదు.

"మామ్మా, ప్రతి లైనుకీ ఎంటర్ కొట్టేశావు. ప్రెస్సువాళ్లు తిట్టుకుంటారు. సరిచెయ్యనా?" అంది మానస. మళ్లీ సెలవుకి వచ్చింది. ఎంటర్ మీట చూపిస్తూ కిందకి వంగి, ఆగింది. "అయ్యో. కడిగినప్పుడు జెడ్, ఎక్స్ తారుమారు చేసి బిగించేశాను. నీకు తెలియలేదా?"

"ఎక్కడ?" అన్నారు అత్తగారు. ఆ వారంలో మొదటిసారి అప్పుడే మీటలవైపు చూశారు.

మూడు పేజీలు కృపావరం గారికి మెయిల్లో వెళ్లాయి. సాయంత్రం ఆయన ఫోన్ చేసి, "ముత్యాలమ్మ గారి మనవలు ఇంకా లంకలోనే ఉన్నారండీ. పుస్తకం వాళ్లకీ ఒకటి పంపుదాం" అన్నారు. రెండు లైన్ల మాట ఎత్తలేదు.

"కార్బన్ కాపీ ఏదమ్మా?" అన్నారు అత్తగారు. ప్రింటు తీసి ఇచ్చాను. కళ్లజోడు పెట్టుకుని పైనుంచి కిందివరకూ చదివి, చివరి కాగితం నాకు చూపించారు. కుడివైపు పూర్తి పేరుంది. ఎడమపక్క అడుగున చిన్నగా స.లో. అని, గీత, మళ్లీ స.లో. అని ఉంది.

"ఇది ప్రెస్సువాళ్లు తీసేస్తారేమోనండీ" అన్నాను.

"తీసేస్తే తీసేయనీ. ఆఫీసు కాపీ మన దగ్గరుందిగా."

లేసు గుడ్డ తీసి మడతపెట్టి అలమరలో పెట్టారు.