మగ్గం దిగిన రెండు రోజులు

మగ్గానికి శనివారం, ఆదివారం తెలియవు. గద్వాల నేతగాళ్ల ఇళ్లలో సెలవంటే అమావాస్య ఒక్కటే. ఇంకే రోజైనా మగవాడు మగ్గం దిగి కనిపిస్తే ఆ ఇంట్లో ఎవరికి ఏమైందోనని వాడంతా ఆరా తీస్తుంది. ఈ సంగతి పుట్టినప్పటి నుంచీ తెలిసిన రాఘవేందర్, అమావాస్య ఇంకా ఎక్కడో ఉండగానే, ఒక శనివారం పొద్దున చీర సగంలో ఆపేసి తెల్లచొక్కా తొడుక్కున్నాడు. "జమ్ములూ, పా, జూరాల పోయొద్దాం" అన్నాడు. తెలివి తెల్లారినట్టే ఉంది!

అతడి భార్య జమ్ములమ్మ అప్పుడు మగ్గం మీదే ఉంది. గద్వాల చీరకు ఒళ్లంతా నూలు, అంచు పట్టు. ఆ రెండు పోగులనూ ఒకదానితో ఒకటి మెలేయడానికి నేసేవాడి పక్కన ఇంకో మనిషి కూర్చోవాలి. పెళ్లయిన నాటి నుంచీ ఆ మనిషి ఆమే. పిల్లలు కలగలేదు. పొద్దస్తమానం మోచేతులు తగిలేంత దగ్గరగా ఇద్దరే ఇద్దరు.

"ఇయ్యాల అమాసనా?" అందామె.

"కాకుంటే ఏంది? ఆఫీసోళ్లు శనాదివారాలు తిరుగుతలేరా? మనకేం తక్కువ?"

ఆమె అతడి మొహంలోకి కాసేపు చూసింది. ఆ తర్వాత నవ్వింది. "నువ్వెప్పుడు ఆఫీసరువైతివయ్యా!" అని లేచి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

ముందటి వారం కర్నూలు దవాఖానలో డాక్టరు రాఘవేందర్‌ను ఒక్కడినే లోపలికి పిలిచాడు. ఆమె కడుపులో గడ్డ ఉందని, పరిస్థితి చెయ్యి దాటిపోయిందని చెప్పాడు. "ఇంటికి తీసుకుపోండి. ఏది తినాలంటే అది పెట్టండి" అన్నాడు. ఆ మాటకు అర్థం విడమరిచి చెప్పాల్సిన పని లేదు. బయట బెంచీ మీద కూర్చున్న భార్య దగ్గరికి వచ్చి "మందులు రాసిండు, పా" అని బస్టాండు వైపు నడిచాడు. దారిలోనే నిశ్చయించుకున్నాడు. ఆమెకు తెలియకూడదు. తెలిస్తే ఉన్న నాలుగు రోజులూ ఏడుస్తూ గడుపుతుంది. నవ్వుతుండగానే సాగనంపాలి. పిచ్చి మారాజు, సాగనంపడం కూడా తన చేతిలో పనే అనుకున్నాడు.

జూరాల ప్రాజెక్టు గేట్ల కింద నీళ్లు తెల్లగా దూకుతున్నాయి. కట్ట కింద కొట్లో వేడివేడి చేపలు వేయించి ఇచ్చారు. రాఘవేందర్ ముళ్లు ఏరి ముక్కలు ఆమె ఆకులో పెట్టాడు. బతుకులో ఎన్నడూ చేయని పని.

"కొత్త పెండ్లికొడుకు లెక్క చేస్తున్నవ్. ఎవరన్న చూస్తరు" అంది.

"చూడనీ. తిను. ఇంకోటి చెప్పనా?"

"చెప్పు" అంది. తిన్నది. చేతులు కడుక్కొస్తానని కొట్టు వెనక్కి వెళ్లి చాలాసేపటికి గాని రాలేదు. మొహం కడుక్కుని ఉంది, కళ్లు ఎర్రబడ్డాయి. "కారం" అంది. నమ్మాలని కూర్చున్నవాడికి ఆ మాట చాలు. రాఘవేందర్ నమ్మాడు. మళ్లొస్తూ దారిలో జమ్ములమ్మ తల్లి గుడి దగ్గర దిగుదామంటే, "నా గుడికి నన్నే తోలుకపోతున్నవ్, నేనెవరికి మొక్కాలె?" అని వేళాకోళమాడింది. అతడికి ప్రాణం లేచొచ్చింది. అనుకున్నట్టే జరుగుతోంది.

ఆదివారం పొద్దున వనపర్తి బయల్దేరుతుంటే ఎదురింటి హన్మమ్మ గడపలోంచి లేచొచ్చింది. "నిన్న మగ్గం సప్పుడు లేదు, ఇయ్యాల లేదు. ఏమాయె? ఎవరన్న పోయిండ్రా?"

"ఇంకా లేదు వదినా" అంది జమ్ములమ్మ.

హన్మమ్మ నవ్వింది. జమ్ములమ్మ నవ్వింది. అందరికంటే గట్టిగా రాఘవేందర్ నవ్వాడు.

బస్సు గుంతల్లో ఎగిరెగిరి పడింది. ఆమె ముందు సీటు కడ్డీని రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. వనపర్తిలో మ్యాట్నీ చూశారు, ఐస్‌క్రీం తిన్నారు, బజార్లో గాజులు బేరమాడారు. ఎర్రగాజులు చేతికి ఎక్కించుకుని, కాసేపు చూసుకుని, మళ్లీ తీసి ఇచ్చేసింది. "ఇప్పుడెందుకు? ఉన్నయి గద" అంది. కొనుక్కోమని అతడు ఎంత బతిమాలినా వినలేదు.

తిరుగు దారిలో బీచుపల్లి దగ్గర దిగుదామన్నది మాత్రం ఆమే. కృష్ణ ఒడ్డున మెట్ల మీద కూర్చున్నారు. ఎండ తగ్గి నీళ్ల మీద గాలి లేచింది.

"మంచిగుందా?" అన్నాడు రాఘవేందర్. రెండు రోజుల నుంచీ అడుగుతున్న మాటే.

ఆమె నీళ్లకేసి చూస్తూనే అంది. "నిన్నటి సంది తిన్నది ఒక్కటి కడుపుల నిలువలే. బస్సు ఎగిరినప్పుడల్ల పానం పోయినట్టయింది. నువ్వు పరేషానైతవని నవ్విన."

అతడు నదికేసి తల తిప్పుకున్నాడు.

"డాక్టరు నిన్నొక్కన్నే పిల్చినప్పుడే సమజైంది. నువ్వే చెప్తవని చూసిన. నువ్వేమో చీర నడుమల మగ్గం దిగి ఊర్లు తిప్పవడ్తివి. నాకు ఊర్లెందుకయ్యా? నీ పక్కన మగ్గం మీద కూసుంటే సాలు." అతడి మోకాలి మీద చెయ్యి వేసింది. "ఒక్కదాన్నే మొయ్యలేకున్న. భయమైతుంది. నీ నోటితోని నువ్వు చెప్పు. ఇద్దరం కూసోని ఏడుద్దాం."

ఆ క్షణాన అతడు చెప్పాల్సింది ఒక్క మాట. మాట కూడా అక్కర్లేదు, ఆమె చెయ్యి పట్టుకుంటే చాలు. కానీ చెబితే ఆ చావు నిజమైపోతుందని, చెప్పనంత వరకూ ఎక్కడో ఆగి ఉంటుందని అతడి లోపలి పిరికితనం నచ్చజెప్పింది. వారం రోజులుగా నవ్వి నవ్వి మొహం కూడా అదే నేర్చుకుంది.

"ఏం మాట్లాడుతున్నవే! అల్సరన్నడు. మందులు వాడితే పోతది" అన్నాడు.

జమ్ములమ్మ అతడి వంక చూసింది. ఇంకా ఏమైనా అంటాడేమోనని చూసింది. అతడు నదికేసి నవ్వుతూనే ఉన్నాడు. మెల్లగా మోకాలి మీంచి చెయ్యి తీసుకుంది.

"అట్లనా. మంచిదే" అంది. "పా, బస్సొస్తది."

లేవడానికి చెయ్యి అందిస్తే పట్టుకోలేదు. మెట్టు పట్టుకుని, కడుపు అదుముకుంటూ తనే లేచింది.

బస్సులో ఆమె కిటికీకి తల ఆనించి కళ్లు మూసుకుంది. సగం దారి పోయాక గాని రాఘవేందర్‌కు ధైర్యం రాలేదు. ఆమె వైపు వంగి, "జమ్ములూ, డాక్టరు..." అన్నాడు.

ఆమె కళ్లు తెరవలేదు. "అల్సరే లే" అంది. "నువ్వన్నవు గద."