పదిహేడో నంబరు హాజరు

మీ పిల్లవాడు చదివే బడికి పొద్దున్న తొమ్మిదిన్నరకు వెళ్లి, తరగతి గుమ్మం పక్కన ఎప్పుడైనా రెండు నిమిషాలు నిలబడ్డారా? నిలబడి ఉండరు. గేటు దగ్గర దింపడం, వాడు సంచీ భుజానికి సర్దుకునేలోపే వెనక్కి తిరగడం, అంతే మనకు తెలిసింది. నేనూ మీలాంటివాణ్నే. అందుకే ఈ ఒక్కసారికి ఇద్దరం కలిసి నిలబడదాం రండి.

ఇది మగపిల్లల ప్రాథమిక పాఠశాల. గుమ్మం మీద నీలం జెండా వేలాడుతున్న గది నాలుగో తరగతిది. లోపల ముప్ఫై ఆరుగురు పిల్లలు. బల్ల మీద హాజరుపట్టీ తెరిచి పెట్టుకుని, కలం పట్టుకుని, తల వంచుకుని మాస్టారు పిలుస్తున్నారు.

"పదిహేను."

"ప్రెజెంట్ సార్."

"పదహారు."

"ప్రెజెంట్ సార్."

"పదిహేడు."

"ప్రె... ప్రె... ప్రెజెంట్ సార్."

"పద్దెనిమిది."

ముప్ఫై ఆరు గళ్లు నిండటానికి నిమిషంన్నర పట్టింది. మాస్టారు ఒక్కసారి కూడా తల ఎత్తలేదు. పేర్లతో పిలిస్తే ఐదు నిమిషాలు వృథా అవుతున్నాయని ఈ నంబర్ల పద్ధతి పెట్టింది పెద్ద మాస్టారు. నెలంతా ఎక్కువ హాజరు చూపిన తరగతికి నీలం జెండా ఇచ్చే ఏర్పాటూ ఆయనదే. నాలుగో తరగతి గుమ్మం మీద ఆ జెండా ఐదు నెలలుగా దిగలేదు.

బడి చెడ్డది కాదు. ఆ మాట ముందే చెప్పాలి. వెనక పిల్లలు పెంచే కూరగాయల మడులున్నాయి. వరండాలో వాళ్లే రాసి అతికించే గోడపత్రిక ఉంది. గదులు ఊడ్చే వంతులు, అన్నం ముందు చేతులు కడుక్కునే వరుసలు, చిన్న తరగతి వాళ్లకు పెద్ద తరగతి వాళ్లు చదివి వినిపించే గంట, అన్నీ ఉన్నాయి. శుక్రవారం మధ్యాహ్నం సభ జరుగుతుంది. వంతుల ప్రకారం ఒక్కో పిల్లవాడు లేచి, తనకు తోచిన విషయం మీద ఐదు మాటలు చెప్పాలి. చూడవచ్చిన అధికారులు ముచ్చటపడి వెళ్లేవారు. ఇంత మంచి బడిలోనే ఇది జరిగింది.

పదిహేడో నంబరు పిల్లవాడు సన్నగా, నోట్లో నాలుక లేనట్టుండేవాడు. తల్లి ఇస్త్రీ దుకాణంలో పని చేసేది. తండ్రి లారీ మీద వెళితే వారానికోసారి ఇల్లు చూసేవాడు. వాడికి నత్తి. ఇంట్లో తల్లి దగ్గర అంతగా ఉండేది కాదు, నలుగురి ముందు నిలబడితే మాత్రం మొదటి అక్షరం దగ్గరే ఇరుక్కుపోయేవాడు. సభలో మొదటిసారి వాడి వంతు వచ్చిన రోజున "మా అమ్మ" అని మొదలుపెట్టబోయి, "మా" దగ్గర నిలిచిపోయాడు. వెనక బల్ల నుంచి ఎవరో మేకలా అరిచారు. తరగతి గొల్లుమంది. మాస్టారు కూడా హాజరుపట్టీ అడ్డం పెట్టుకుని నవ్వారు.

ఆ మేక అరుపు, అందరూ రేడియో అని పిలిచే పిల్లవాడిది. వాడి అసలు పేరు వాళ్లమ్మ కూడా మరిచిపోయిందని పిల్లలు ఏడిపించేవారు. అటెండరు దగ్గు, పెద్ద మాస్టారి గొంతు సవరింపు, గేటు కీచుమనే చప్పుడు, ఏదైనా సరే ఒకసారి వింటే దింపేసేవాడు. పదిహేడు నత్తి వాడికి రెండు రోజుల్లో పట్టుబడింది.

నాలుగు నెలలు గడిచాయి. ఒక శుక్రవారం సాయంత్రం ఏడైనా పదిహేడు ఇంటి దగ్గర కనిపించలేదు. తల్లి పరుగున బడికి వచ్చింది. ఇంకా ఇంటికి వెళ్లని మాస్టారు ఆమె ముందే హాజరుపట్టీ తెరిచారు.

"పొద్దున్న వచ్చాడమ్మా. నా చెవులతో నేను విన్నాను కదా. బడి వదిలాక ఎటో ఆడుకోవడానికి పోయి ఉంటాడు."

"అవును మాస్టారూ, మధ్యాహ్నం కూడా ఉన్నాడు. అన్నం డబ్బా మర్చిపోతే నేనే తెచ్చిచ్చాను. గేటు దగ్గరే అటెండరు పట్టీ చూసి ఉన్నాడనే చెప్పాడు. సాయంత్రం ఖాళీ డబ్బా మా గడప మీదుంది. డబ్బా పెట్టేసి ఎటు పోయాడో!"

ఊరంతా, బడి వదిలాక పిల్లలు తిరిగే చోట్లన్నీ వెతికింది. ఆటస్థలం, చెరువుగట్టు, బస్సులు ఆగే చోటు. బడికి అరమైలు దూరంలో సగం కట్టి వదిలేసిన మూడంతస్తుల మేడ ఒకటుంది. అటు ఎవరూ వెళ్లలేదు. బడికి వచ్చిన పిల్లవాడు అటెందుకు పోతాడు?

మర్నాడు పొద్దున్న ఆ మేడ కింద, మూతలేని నీళ్ల తొట్టిలో దొరికాడు. తొట్టి ఎండిపోయి ఉంది. పడి కాలు విరిగింది, తలకు దెబ్బ తగిలింది. నిన్న పొద్దున్నే పడి ఉంటాడనీ, చీకటి పడేదాకా ప్రాణం ఉండి ఉంటుందనీ డాక్టరు చెప్పాడు. మాస్టారు ఒప్పుకోలేదు. "పొద్దున్న బడిలో ఉన్నాడండీ, పట్టీలో ఉంది" అని గట్టిగా వాదించారు. పక్క గిడ్డంగి కాపలా మనిషి మాత్రం ఏడుస్తూ ఒక మాట చెప్పాడు. "మధ్యాహ్నం దాకా పిల్లాడి గొంతు వినిపిస్తూనే ఉంది బాబూ. ప్రతి శుక్రవారం వచ్చి లోపల గట్టిగా పాఠం చెప్పుకునేవాడు. ఇదీ పాఠమే అనుకున్నాను."

తాగి ఉంటాడని అతని మాట ఎవరూ పట్టించుకోలేదు. పట్టీ అబద్ధం చెబుతుందా?

పది రోజులు బడి మూసి తెరిచారు. ఆ పొద్దున్న గదిలో చీమ చిటుక్కుమన్నా వినిపించేలా ఉంది. మాస్టారు ఎప్పటిలాగే తల వంచుకున్నారు. ఎన్నేళ్ల అలవాటో, నోరు దానంతటదే పలికింది.

"పదహారు."

"ప్రెజెంట్ సార్."

"పదిహేడు."

"ప్రె... ప్రె... ప్రెజెంట్ సార్."

కలం కింద పడింది. అదే గొంతు. అదే నత్తి. మూడో బల్ల చివర ఆ పిల్లవాడు కూర్చునే చోటు ఖాళీగా ఉంది. ఆయన చాలా కాలానికి తల ఎత్తి ముప్ఫై అయిదు ముఖాలు చూశారు. ముప్ఫై నాలుగు ముఖాలు భయంతో వెనక బల్లవైపు తిరిగి ఉన్నాయి. అక్కడ రేడియో రెండు చేతులతో నోరు మూసుకుని వణికిపోతున్నాడు.

"అలవాటైపోయింది సార్" అన్నాడు వాడు, మాస్టారు దగ్గరికి రాగానే. "నేను కావాలని అనలేదు సార్. దానంతటదే వచ్చేసింది."

"ఎన్నాళ్లుగా?"

"ప్రతి శుక్రవారం సార్. సభంటే వాడికి భయం. నవ్వుతారని వచ్చేవాడు కాదు. రాకపోతే జెండా పోతుంది, వాడికి దెబ్బలు పడతాయి. అందుకని నేను చెప్తానులే అన్నాను. వాణ్ని ఏడిపించింది నేనే కదా సార్, అందుకని..." వాడు మూడో బల్ల చివరి ఖాళీ చోటు వైపు చూశాడు. "వాడు ఆ మేడలో మాట్లాడటం నేర్చుకుంటున్నాడు సార్. నత్తి లేకుండా వచ్చాక మీ అందరికీ చెప్పి వినిపిస్తానన్నాడు."

"మరి డబ్బా?"

"వాళ్లమ్మ ఇచ్చి వెళ్లింది సార్. తినకుండా ఉంటే తెలిసిపోతుందని నేనూ ఇంకో ముగ్గురూ తినేశాం. సాయంత్రం నేనే వాళ్ల గడప మీద పెట్టొచ్చాను. రాత్రి అందరూ వెతుకుతుంటే, చెబితే దెబ్బలు పడతాయని భయపడి చెప్పలేదు సార్."

మాస్టారు వెనక్కి వెళ్లి పట్టీలో ఆ శుక్రవారం గడి చూశారు. ఆ పిల్లవాడు తొట్టిలో పడి అరుస్తున్న వేళకు తను పట్టీలో వాడి గడి నింపారు. కన్నతల్లి డబ్బా పట్టుకుని గేటు దాకా వస్తే ఆ గడే ఆమెను వెనక్కి పంపింది. ఊరిని తప్పుదారి పట్టించిందీ అదే.

పెద్ద మాస్టారు అంతా విని తలుపు దగ్గరికి వేశారు. ఆయన దుర్మార్గుడేమీ కాదు.

"ఇప్పుడు చెప్పి ఏం సాధిస్తావయ్యా? పిల్లాడు తిరిగొస్తాడా? ఆ రేడియో గాడికి తొమ్మిదేళ్లు. వీడి వల్లే పోయాడని ఊరు వేలెత్తి చూపిస్తే వాడు బతుకుతాడా?"

"వాడి వల్ల కాదండీ. నేను తల ఎత్తి ఉంటే..."

"సరే, నీ సంగతి వదిలెయ్. అంత్యక్రియల రోజు ఆ తల్లి ఏమంది, గుర్తుందా?"

గుర్తులేకేం? ఆ మాట పది రోజులుగా మాస్టారి వెంట తిరుగుతూనే ఉంది. "మధ్యాహ్నం కడుపునిండా తిన్నాడు మాస్టారూ. డబ్బాలో మెతుకు మిగల్లేదు. నా బిడ్డ ఆకలితో పోలేదు. నాకదొక్కటే ధైర్యం." అలా అంటూ ఆమె ఆ ఖాళీ డబ్బాను ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"ఆవిడకు మిగిలింది అదొక్కటే. అది కూడా లాక్కుంటావా?" అన్నారు పెద్ద మాస్టారు.

మాస్టారు వారం రోజులు నోరు మూసుకున్నారు. ఆ వారం ఎలా గడిచిందని అడగకండి. పదహారు తరవాత పద్దెనిమిది అని పిలిచేవారు. ఆ రెంటి మధ్య ఊపిరి తీసుకునేంత సేపట్లో "ప్రె... ప్రె..." అని వినిపించేది. రేడియో వైపు చూస్తే వాడు పెదవులు పళ్లతో నొక్కిపట్టుకుని ఉండేవాడు. వాడు ఎవరి గొంతూ దింపడం మానేశాడు. తన గొంతుతో మాట్లాడటమూ దాదాపు మానేశాడు. మూడో బల్ల చివరి చోట ఎవరూ కూర్చోలేదు, సంచీ కూడా పెట్టలేదు. కూరగాయల మడిలో పదిహేడో నంబరు కర్ర ఉన్న మొక్కకు మాత్రం పొద్దున్నే ఎవరో నీళ్లు పోసి ఉంచేవారు. ఇంట్లో భార్య పలకరిస్తే "ప్రెజెంట్" అన్నారట మాస్టారు. ఆవిడ నవ్వబోయి, ఆయన ముఖం చూసి ఆగిపోయింది.

ఎనిమిదో రోజు ఆయన హాజరుపట్టీ చంకలో పెట్టుకుని ఇస్త్రీ దుకాణానికి వెళ్లారు.

ఆమె ఒక తెల్లచొక్కా కాలరు మీద పెట్టె నడుపుతోంది. ఆయన నిలబడే అంతా చెప్పారు. ఏదీ దాచలేదు, సభలో తను నవ్విన నవ్వు కూడా చెప్పారు. డబ్బా దగ్గరికి వచ్చేసరికి చంకలోని పట్టీ చేతిలోకి తీసుకున్నారు. ఆమె పెట్టె పక్కకు తీసి నిలబెట్టింది.

"తినలేదు. అంతేగా మాస్టారూ?"

ఆయన తలెత్తి చూశారు.

"నాకు తెలుసు. వాడు ఉల్లిపాయ ముక్కలు నోట పెట్టడు. అన్నీ ఏరి మూతలో పెట్టి తెస్తాడు, నేను రోజూ తిట్టుకుంటూ పారబోస్తాను. ఆ రోజు మూత ఖాళీ. ఒక్క ముక్క లేదు." ఆమె చొక్కా మడత సరిచేసింది. "వాడు తినలేదని నా మనసుకు ఆ రాత్రే తెలిసింది. అయినా తిన్నాడు, తిన్నాడు అని అందరికీ చెప్పుకున్నాను. ఎవరైనా వచ్చి నిజం చెప్తారేమోనని చూస్తూ కూర్చున్నాను. ఇన్నాళ్లకు మీరొచ్చారు."

"నన్ను ఏమన్నా అనమ్మా. తిట్టు."

"తిట్టి ఏం చేసుకోను?" ఆమె కళ్లు ఇప్పుడు నిండాయి. "గేటు దాటి లోపలికి రానిచ్చి ఉంటే నా కళ్లతో నేనే చూసుకునేదాన్ని కదా మాస్టారూ! పట్టీలో ఉన్నాడన్నారు, పోయాను. నా బిడ్డను నేను చూడకుండా మీ పట్టీని నమ్మి పోయాను. ఆ పిల్లాణ్ని ఎవరూ కొట్టకండి. వాణ్ని ఒకసారి నా దగ్గరికి పంపండి, అన్నం పెడతాను."

మర్నాడు పెద్ద మాస్టారు వద్దంటున్నా మాస్టారు జరిగింది జరిగినట్టు రాసి పై అధికారికి ఇచ్చారు. విచారణ జరిగింది. కొన్నాళ్లు ఆయన్ను ఉద్యోగం నుంచి పక్కన పెట్టారు. గిడ్డంగి కాపలా మనిషి ఇంటికి వెళ్లి క్షమాపణ చెప్పుకున్నారు. తిరిగి వచ్చిన రోజున తల్లిదండ్రులందరినీ బడికి పిలిపించి, నీలం జెండాను తన చేత్తో దింపారు. ఇకమీదట పేరుతో పిలుస్తామని, పిలిచిన ప్రతివాడి ముఖం చూశాకే కలం పెడతామని, ఇంటి నుంచి ఎవరు వచ్చినా పిల్లవాణ్ని కళ్లారా చూపిస్తామని చెప్పారు. నత్తి ఉన్నవాడు మాట పూర్తి చేసేదాకా సభ ఓపిగ్గా కూర్చుంటుందని కూడా చెప్పారు. చెబుతుంటే ఆయన గొంతు రెండుసార్లు ఇరుక్కుంది. పిల్లలెవరూ నవ్వలేదు.

వెనక వరుసలో రేడియో చెయ్యి పట్టుకుని పదిహేడు తల్లి నిలబడి ఉంది. మీరూ ఒక మాట చెప్పండమ్మా అన్నారు మాస్టారు. ఆమె ముందుకు రాలేదు. ఉన్నచోటి నుంచే, పెద్దగా కాకపోయినా అందరికీ వినపడేలా అంది.

"నా కొడుకు ఉన్నాడు ఉన్నాడు అని మీ బడంతా చెప్పింది బాబూ. ఒక్కరు, ఒక్కరంటే ఒక్కరు తల ఎత్తి చూసి, వాడు రాలేదని చెప్పి ఉంటే, వాడు ఇవాళ మీ పిల్లల మధ్య కూర్చుని ఉండేవాడు."