ఎదిగే మడత

మున్నీ సంచీ నేనే సర్దాను. నీలం గౌన్లు, వాటి కింద వేసే తెల్ల చొక్కాలు, వాన వస్తే తొడగడానికి ప్లాస్టిక్ కోటు, ఉప్పుగాలి కీళ్లలోకి పోకుండా మోచేతులకు వేసే సాగుడు గుడ్డ తొడుగులు. ఛార్జరు తీగ మెలిపడకుండా తువ్వాలులో చుట్టి అడుగున పెట్టాను. అంతా అయిపోయాక చేతులు ఊరుకోక ఒక పాత దుప్పటి ముక్క కూడా పైన పెట్టాను.

జాహ్నవి దాన్ని బయటికి లాగి నవ్వింది.

“అరే నానమ్మా, మున్నీకి చలేంటి? దానికి వేడెక్కితేనే ప్రాబ్లమ్.”

“దానికి కాదే. ఓడలో రేత్రి గాలి కొడతాది. నువ్వు కప్పుకో.”

“నా బ్యాగులో ఆల్రెడీ ఒకటి కుక్కేశావు. చూశాన్లే.”

గుమ్మంలో నిలబడిన నా కొడుకు నాగరాజు, “ఇన్ని జతలేటమ్మా, అదేటి పెళ్లికి పోతందా?” అన్నాడు. నేను తప్ప అందరూ నవ్వారు.

మున్నీ పిల్ల కాదు. నా నడుము దాకా వచ్చే మరమనిషి. రెండు కాళ్ల మీద నడుస్తుంది, చేతులు ఊపుతుంది, తల తిప్పుతుంది. నాగరాజు కూతురు జాహ్నవి ఇంజనీరింగ్ చదివి, ఉదయ్‌కుమార్ మేస్టారి దగ్గర పనిలో చేరింది. ఆయన తండ్రి కాకినాడ నుంచి ఈ దీవికి టీచరుగా వచ్చి ఇక్కడే ఉండిపోయాడు. మేస్టారు ఈ బొమ్మను మెయిన్‌లాండ్ నుంచి తెప్పించి, బడి బడికీ తిప్పుతున్నాడు. సముద్రం ఉన్నట్టుండి వెనక్కి పోతే పిల్లలు ఏం చెయ్యాలో అది చేసి చూపిస్తుంది. “సముందర్ పీఛే హటే తో రుకో మత్, ఊపర్ భాగో” అని, అంటే సముద్రం వెనక్కి పోతే ఆగొద్దు, పైకి పరుగెత్తండని, హిందీలో అరిచి, పలకలతో కట్టిన ఏటవాలు మీదికి ఎక్కుతుంది. పిల్లలు దాని వెనకాల పరుగెత్తాలి.

మొదటిసారి షాదీపూర్ బడిలో చూపించినప్పుడు చిన్నపిల్లలు జడుసుకుని ఏడ్చారట. తెల్లటి ప్లాస్టిక్ ఒళ్లు, మోకాళ్ల దగ్గర వైర్లు, ఛాతీలో గాజుకన్ను. “బట్టలేసి తీసుకురండి, పిల్లలాగ ఉంటే పిల్లలు వస్తారు” అని అక్కడి ఆయా చెప్పిందట. బజారులో పిల్లల గౌన్లు కొని చూశారు. ఏదీ పట్టలేదు. భుజాలు పెద్దవాళ్లవి, ఎత్తు పిల్లది, మెడ లేనే లేదు. అప్పుడు జాహ్నవి దాన్ని ఆటోలో గరాచర్మకు, మా ఇంటికి తెచ్చి నా మిషను పక్కన నిలబెట్టింది.

టేపు చంకలో పెడితే పిల్లలు ఎవరైనా మెలికలు తిరుగుతారు. ఇది తిరగలేదు. అలవాటుకొద్దీ, “ఊపిరి బిగబట్టకే, చాతీ కొలవాల” అన్నాను. జాహ్నవి నేల మీద కూర్చుని పొట్ట పట్టుకుని నవ్వింది.

మొదట కుట్టిన చొక్కా తొడగడానికే రాలేదు. దాని చేతులు వెనక్కి వంగవు. వీపంతా తెరిచి టిచ్ బటన్లు పెట్టాను. వీపులో వేడి తీసే ఫ్యాను ఉంది. గుడ్డ కప్పితే అది రొప్పుతున్నట్టు మోగింది. అక్కడ దోమతెర ముక్క అతికాను. కాలరు లేచి ఛాతీలోని కన్నుకు అడ్డం పడింది. మున్నీ గోడకేసి నడిచి ఆగిపోయింది. కాలరు అణిచి కుట్టాను. మెడ వెనక ఆపే మీట ఉంది. దానికి కంత కోసి, పైన రేకలాంటి మూత పెట్టాను. పగలంతా విప్పడం, కుట్టడం, తొడగడం. చాలా ఏళ్ల తరవాత ఒంటికి దగ్గరగా ఒక పిల్లను నిలబెట్టుకుని కుట్టాను. బాగుండేది, అబద్ధం ఎందుకు.

గౌను సగంలో ఉండగా ఒక సాయంత్రం అన్నం తింటూ జాహ్నవి చెప్పింది. “నెక్స్ట్ క్యాంప్‌బెల్ బే నానమ్మా. అక్కడి స్కూల్లో డ్రిల్. నేనే తీసుకెళ్తాను.”

కలిపిన ముద్ద పళ్లెంలో పెట్టేశాను.

మా అమ్మాయి సాయిలక్ష్మి, నాగరాజు చెల్లెలు, నికోబార్ దీవుల చివరనున్న ఆ క్యాంప్‌బెల్ బేకే వెళ్లింది. 2004లో క్రిస్మస్ సెలవులకు నా ఆడపడుచు ఎరుకమ్మ వచ్చి తీసుకువెళ్లింది. ఎరుకమ్మ మొగుడు అక్కడ చేపలు పట్టేవాడు. సాయిలక్ష్మికి అప్పటికి ఏడేళ్లు. మేం జంగ్లీఘాట్‌లో నీటి ఒడ్డున ఉండేవాళ్లం. సముద్రం మీదికి వచ్చిన ఆ ఆదివారం మా ఇల్లు కూడా పోయింది గాని మేం బతికాం. తరవాత మమ్మల్ని రేకుల షెడ్లలో పెట్టారు. ఆడవాళ్లకు మిషన్లు ఇచ్చి కుట్టు నేర్పించారు. నేర్పిన ఆమె బెంగాలీ, అందరం దీదీ అనేవాళ్లం. పాత పేపర్ల మీద కొలతలు గీసి కత్తిరించమనేది. ఓడలో వచ్చిన తెలుగు పేపర్లు కూడా అందులో ఉండేవి. కత్తిరిస్తూ అక్షరాలు కూడబలుక్కున్నాను. చంక గుండ్రం దగ్గరికి వచ్చేసరికి వార్త తెగిపోయేది. మిగతా ముక్క ఎవరి దగ్గర ఉందో వెతుక్కుని చదివేదాన్ని. నా చదువు అలా వచ్చింది.

దీదీ ఒక్క మాట రోజూ చెప్పేది. “బచ్చా బఢ్తా హై, కపడా నహీ.” పిల్ల ఎదుగుతుంది, గుడ్డ ఎదగదు. అందుకని పిల్లల గౌనుకు అంచు లోపల బెత్తెడు గుడ్డ మడిచి కుట్టాలి. పిల్ల పొడుగైనప్పుడు ఆ మడత విప్పుకుంటే చాలు. ఎదిగే మడత అనేవాళ్లం దాన్ని.

నా పెనిమిటి జోగులు సాయిలక్ష్మిని వెతకడానికి ఓడ మీద ఓడ ఎక్కి నికోబార్ క్యాంపులన్నీ తిరిగాడు. ఎక్కడైనా కనబడితే ఒంటిమీదికి పొడిబట్ట ఉండాలని సంచీలో గౌను పెట్టేదాన్ని. మొదటిసారి ఇరుగమ్మ ఇచ్చిన పాత గౌను పెట్టాను. మరుసటేడు నేనే కుట్టాను. “ఎంత ఎదిగుంటదే?” అని జోగులు తన ఛాతీ దగ్గర చెయ్యి పెట్టి అడిగేవాడు. నేను ఆ చేతిని కొంచెం పైకి జరిపేదాన్ని. అదే మాకు కొలత.

అందుకని జాహ్నవితో, “నువ్వు ఎల్లొద్దు” అన్నాను.

“నానమ్మా, ప్లీజ్.”

“ఇంకొకళ్లని పంపమను. మేస్టారే ఎల్లొచ్చుగదా.”

“సర్ కూడా వస్తారు. మున్నీని నడిపించేది నేను. ఇంకెవరికీ రాదు.”

నాగరాజు పళ్లెం వైపు చూస్తూ, “ఇరవై ఏళ్లయింది కదమ్మా” అన్నాడు.

“సముద్రానికి ఏళ్లేట్రా?” అన్నాను. నా మాట ఎవరూ కాదనలేదు, ఎవరూ వినలేదు. మా ఇంట్లో నా భయానికి అంతే మర్యాద. బస్సులో సముద్రం వైపు సీటులో కూర్చోనంటే కూడా అలాగే ఊరుకుంటారు.

ప్రయాణానికి ముందు ఉదయ్‌కుమార్ మేస్టారు ఒక షరతు పెట్టాడు. ఇక్కడి బడిలో మున్నీ గౌను వేసుకుని ఏటవాలు ఎక్కి చూపించాలి. ఎక్కితే ఓడ ఎక్కుతారు, లేకపోతే లేదు. “పిల్లల ముందు అది పడిందనుకోండమ్మా, పరుగెత్తితే పడిపోతారని నేర్పినట్టే. దానికన్నా వెళ్లకపోవడం మేలు” అన్నాడు నాతో. మంచి మనిషి. కంగారులో కూడా హాస్యం మానడు. “మీ కుట్టు మీదే మా షిప్పు ఆధారపడి ఉంది” అన్నాడు.

ఆ రోజు నేనూ వెళ్లాను. పిల్లలు మైదానంలో వరస కట్టారు. నీలం గౌనులో మున్నీ వాళ్లలో ఒకతెలాగే ఉంది. ఈసారి ఎవరూ ఏడవలేదు. ఒక చిన్నది వెళ్లి దాని చెయ్యి కూడా పట్టుకుంది. జాహ్నవి ఫోను మీద ఏదో నొక్కింది. మున్నీ తల ఎత్తి, “ఊపర్ భాగో” అని అరిచి ఏటవాలు ఎక్కడం మొదలుపెట్టింది. సగం దాకా బాగానే ఎక్కింది. అక్కడ మోకాలు వంచేసరికి గౌను అంచు ఊగి మోకాలి వెనక సందులో ఇరుక్కుంది. కాలు చాపలేకపోయింది. వెల్లకిలా పడింది.

పడ్డాక కూడా దాని కాళ్లు ఆడుతూనే ఉన్నాయి. ఆకాశంలోకి నడుస్తున్నట్టు. నోరు మాత్రం “ఊపర్ భాగో, ఊపర్ భాగో” అంటూనే ఉంది. పిల్లలు పడీపడీ నవ్వారు. జాహ్నవి పరుగెత్తి మెడ వెనక మీట నొక్కింది.

తరవాత గౌను అంచు వేళ్ల మధ్య పెట్టి నలిపింది. నా వైపు చూసింది.

“నానమ్మా, ఇందులో ఏముంది ఇంత మందంగా? నేను మోకాలి పైకి, సింగిల్ పొర అన్నాను కదా.”

“మడత...” అన్నాను. “ఎదిగితే విప్పుకోడానికి...”

“ఎవరు ఎదిగితే?”

అప్పటిగ్గాని నేను ఏం చేశానో నాకు తెలియలేదు.

ఇంట్లో అడుగుపెట్టగానే జాహ్నవి తలుపు వేసి అడిగింది. “సచ్ బోలో నానమ్మా. నన్ను ఆపడానికే పెట్టావా?”

“నేదమ్మా. నీమీదొట్టు.”

“నా మీద ఒట్టు వెయ్యకు. మళ్లీ దానికీ భయపడతావు.”

నమ్మలేదు. ఎలా నమ్ముతుంది? వెళ్లొద్దన్నది నేనే, గౌను కుట్టిందీ నేనే. కావాలని పెట్టలేదని ఎంత చెప్పినా నా మాటకు సాక్ష్యం లేదు. చేతులు తమకు తెలిసిన పని చేశాయి. అయితే ఒకటి మాత్రం నిజం. మున్నీ పడగానే నా కడుపు చల్లబడింది. పిల్ల వెళ్లదు అనుకున్నాను. అది జాహ్నవి నా మొహంలో చూసే ఉంటుంది.

మేస్టారు ఫోను చేసి ఈసారికి మానేద్దాం అన్నాడు. జాహ్నవి సరే సర్ అంది. ఆ మర్నాడు ఏమీ తినకుండా మున్నీ మోకాలు విప్పి, ఇరుక్కున్న దారపు పోగులు పట్టకారుతో ఒక్కొక్కటే తీసింది. నేను టీ తెచ్చి పక్కన పెట్టాను. తాగలేదు. టీ మీద మీగడ కట్టింది.

“అక్కడి పిల్లలు ఏటైపోతారు నువ్వు ఎల్లకపోతే? వాళ్ల మేస్టర్లు చెప్పరా?” అన్నాను.

జాహ్నవి తల ఎత్తలేదు. “చెప్తారు. నోటితో చెప్తే ఎవరికి గుర్తుంటుంది? నీళ్లు వెనక్కి పోతే కింద చేపలు గిలగిల కొట్టుకుంటాయి నానమ్మా. పిల్లలు ఏం చేస్తారు? ఏరుకోడానికి దిగుతారు.”

ఆమెకు ఆ సంగతి పుస్తకంలో చదివి తెలిసి ఉంటుంది. నాకు జోగులు చెప్పాడు. క్యాంపులో ఎరుకమ్మ పొరుగింటావిడ కనబడి చెప్పిందట. నీళ్లు పోయాయని పిల్లలంతా కేకలు పెడుతూ దిగారని, సాయిలక్ష్మి గౌను ఎత్తి పట్టుకుని అందులోకి చేపలు ఏరిందని. పెద్దవాళ్లు కూడా ఒడ్డున నిలబడి చూశారట. పైకి పరుగెత్తండని చెప్పాలని అక్కడ ఎవరికీ తెలియదు. ఈ మాట నేను జాహ్నవికి ఎప్పుడూ చెప్పలేదు. అప్పుడూ చెప్పలేదు.

లేచి కత్తెర తీసుకున్నాను. గౌను మిషను బల్ల మీద పరిచాను. మడత కుట్టు విప్పితే సరిపోదు, గుడ్డ వేలాడుతుంది. కోసెయ్యాలి. మోకాలి పైన సుద్దతో గీత గీసి, గీత వెంట కోశాను. ఇన్నేళ్లలో ఏ పిల్ల గౌనూ అలా కొయ్యలేదు. ఉన్న ఒంటికి ఉన్నంతే, ఇక మీదట ఏమీ లేనట్టు. కత్తెర బాగానే కోసింది. చెయ్యే మధ్యలో ఆగింది. జాహ్నవి వచ్చి గుడ్డ రెండో కొస గట్టిగా పట్టుకుంది. మిగతాది కోశాను.

అంచు సన్నగా, ఒకే పొరగా చుట్టి కుట్టాను. రెండో గౌనుకూ అలాగే చేశాను. పెరట్లో ఇటుకల మీద చెక్క వాల్చి మున్నీని ఎక్కించింది జాహ్నవి. ఎక్కింది. దింపి మళ్లీ ఎక్కించింది. మళ్లీ ఎక్కింది. మూడోసారి ఎక్కినప్పుడు ఫోనులో వీడియో తీసి మేస్టారికి పంపింది. కాసేపటికి ఆయన ఫోను చేశాడు. గొంతు గట్టిగా వినిపించింది. “అమ్మకు చెప్పు, షిప్పు కదిలింది అని.”

జాహ్నవి నన్ను కావలించుకుంది. నేను నిలబడ్డాను అంతే. ఆమెను పంపేది నేనేనని నాకు అప్పుడు తెలిసింది.

హడ్డో జెట్టీకి అందరం వెళ్లాం. మున్నీని కాళ్లు మడిచి పెట్టెలో పెట్టారు. “హాఫ్ టికెట్ తీసుకోమన్నారమ్మా, ఐదేళ్లు దాటాయా అని అడిగారు” అన్నాడు ఉదయ్‌కుమార్ మేస్టారు. నేను నవ్వాలని చూశాను.

“ఒడ్డుకి దిగకే” అన్నాను జాహ్నవితో.

“దిగను.”

“బడి దాటి కిందికి ఎల్లకు. కొండ మీదే పడుకో.”

“అచ్ఛా నానమ్మా. మళ్లీ మళ్లీ చెప్పకు, అందరూ చూస్తున్నారు.”

నిచ్చెన ఎత్తేశారు. ఓడ కూత పెట్టింది. జాహ్నవి పై అంతస్తులో రెయిలింగు దగ్గర నిలబడి చెయ్యి ఊపింది. నేనూ ఊపాను. నీళ్లు చీలి మధ్యన ఖాళీ పెరుగుతూ పోయింది. నాగరాజు నా మోచెయ్యి పట్టుకున్నాడు. ఓడను ఆపమని అరవడానికి నాకు నోరు లేదు, కారణం లేదు, హక్కూ లేదు. అది కనబడినంతసేపు చూశాను.

జాహ్నవి ఆ నెలలోనే తిరిగి వచ్చింది. మున్నీనీ తెచ్చింది. అక్కడి పిల్లలంతా దాని వెనక పరుగెత్తి కొండ ఎక్కారని చెప్పింది.

సాయిలక్ష్మి రాలేదు. ఎరుకమ్మ రాలేదు, ఆమె మొగుడూ రాలేదు. 2004 డిసెంబరు 26, ఆదివారం పొద్దున. జోగులు వాళ్లను వెతకడానికి 2007 ఫిబ్రవరిలో మళ్లీ క్యాంప్‌బెల్ బే ఓడ ఎక్కాడు. ఆయనా తిరిగి రాలేదు.