మోటారు గది కిటికీ

ముత్తులక్ష్మికి ఒక పట్టింపు ఉంది. ఆస్పత్రి నుంచి తెచ్చింది ఏదైనా సరే, ఇంట్లోకి రాకూడదు. వస్తే రోగం దారి గుర్తుపెట్టుకుంటుందని వాళ్ళ అవ్వ చెప్పింది. నాలుగేళ్ళ కిందట మొగుడు దురైసామి దిండిగల్ రోడ్డులో బండి మీంచి పడి పక్కటెముక విరగ్గొట్టుకుంటే, అప్పుడు తీసిన స్కాన్ ఫిల్మును వాకిట్లోనే ఆపేసింది. దురైసామి ఏదీ పారేసే రకం కాదు. వాడిపట్టిలోని తమ తోటలో మోటారు గది కిటికీ అద్దం పగిలి ఉంటే, దాని స్థానంలో ఫిల్మును బిగించేశాడు.

ఇప్పుడు మదురైలో డాక్టరు మేనక ఆ ఫిల్మునే అడుగుతోంది. దురైసామికి దగ్గు తగ్గడం లేదని వస్తే, కొత్త స్కానులో కుడి ఊపిరితిత్తిలో చిన్న గడ్డ కనబడింది. వీళ్ళలాగే మేనకదీ తెలుగిల్లే కాబట్టి ఇంటి మాటలోనే చెప్పింది.

"మిరియం గింజంత ఉండాది పెద్దమ్మా. దీన్నొకదాన్నే చూసి ఏమీ చెప్పలేము. పాత స్కానులోనూ ఇంతే ఉండుంటే భయం లేదు. కొత్తగా వచ్చుంటే, సూది పెట్టి ముక్క తీసి కేన్సరా కాదా చూడాల. ఆ ఫిల్ము ఉండాదా?"

స్కాన్ తీసిన సెంటరు ఎప్పుడో మూతబడింది. తన పట్టింపు తన మొగుడి మీదికే వచ్చిందనిపించింది ముత్తులక్ష్మికి.

"మోటారు రూములో ఉండాది," అన్నాడు దురైసామి, గొడుగు ఎక్కడుందో చెప్పినంత నింపాదిగా.

మర్నాడు పొద్దున్నే తోటకు తనే వెళ్ళింది. మేకులు ఊడబెరికి, బల్లి రెట్టలు కొంగుతో తుడిచింది. నాలుగేళ్ళుగా ఈ మనిషి తన ఛాతీలోంచే వెలుతురు చూస్తూ మోటారు వేశాడన్నమాట. నవ్వొచ్చింది, వెంటనే ఏడుపూ వచ్చింది. పళని మురుగనికి మొక్కుకుని బస్సెక్కింది.

పాత ఫిల్ము ఇన్నాళ్ళూ కిటికీకి ఉండిందని విని, మేనక రెండు ఫిల్ములనూ లైటు మీద పక్కపక్కన పెట్టింది. ముత్తులక్ష్మి వాటిని చూడలేదు, డాక్టరు ముఖాన్నే చూస్తూ కూర్చుంది.

"ఉత్తరం కిటికీయా? ఎండ పడలేదు, బాగానే ఉండాది," అంది మేనక. "ఇదిగో, అప్పుడూ ఇక్కడే, ఇంతే. ఎముక చూసే హడావిడిలో దీన్నెవరూ పట్టించుకోలేదు. కేన్సరు ఇన్నేండ్లు ఇట్లా కదలకుండా కూర్చోదు పెద్దమ్మా. సూది వద్దు. దగ్గుకి మందు రాస్తాను."

ముత్తులక్ష్మి మేనక చెయ్యి పట్టుకుని చాలాసేపు వదల్లేదు.

ఇంటికి రాగానే దురైసామి పాత ఫిల్ము చంకన పెట్టుకుని తోటకు బయలుదేరాడు. ఆమె లాగేసుకుంది.

"కిటికీకి అద్దం కొనండి."

రెండు ఫిల్ములూ లోపలికి తీసుకెళ్ళి, బీరువా తెరిచి, పెళ్ళి పట్టుచీర మడతల్లో పెట్టింది. దురైసామి గుమ్మంలో నిలబడి చూస్తున్నాడు.

"ఆస్పత్రిది ఇంట్లో పెట్టగూడదంటివే?"

"ఇది ఆస్పత్రిది కాదు," అంది బీరువా మూస్తూ. "మీది."