తెరచాప లేని ఓడ

మా పై వాటాలో కిరాయికుండే సూర్యప్రభది విశాఖపట్నం. ఆమె కొడుకు ప్రసన్నకుమార్ నేవీలో పనిచేస్తాడు. తల్లి కంటి ఆపరేషన్‌కని దిల్‌సుఖ్‌నగర్ వచ్చి, తెలంగాణ కోసం జరుగుతున్న సకల జనుల సమ్మెలో చిక్కుకుపోయాడు. బస్సులు ఎప్పుడో ఆగాయి. ఆ పొద్దున ఇటువైపు రైళ్ళూ ఆగిపోయాయి.

నా కొడుకు దశరథ ఆర్టీసీ డ్రైవరు, సమ్మెలో ఉన్నాడు. ఆ రోజు ఎల్బీనగర్ చౌరస్తాలో వంటావార్పు పెట్టారు. అంటే రోడ్డు మీదే వండుకుని తిని, దారి మూసేయడం. పప్పు వండడానికి నన్ను రమ్మన్నారు. నేను చింతపండు నానేస్తుంటే ప్రసన్నకుమార్ మెట్లు దిగి వచ్చాడు.

"రేపు పొద్దున్నే మా ఓడ సెయిల్ అవుతుంది మామ్మగారూ. ఎలా వెళ్ళాలో తెలీడం లేదు."

"సెయిల్ అంటే ఏంది బిడ్డా?"

"తెరచాప ఎత్తి బయల్దేరడం. ఇప్పుడు చాపా లేదు, గాలితో పనీ లేదు, అంతా ఇంజన్లే. మాట మాత్రం అదే."

"అందుకోకపోతే?"

"అడ్రిఫ్ట్ అని రాస్తారు. తాడు తెగి కొట్టుకుపోయే పడవని అనే మాట. సెలవు దాటి వచ్చినవాణ్ణీ అదే అంటారు. ఒక్కసారి రాశారంటే నా ప్రమోషన్ పోయినట్టే. నాలుగేళ్ళ నుంచి ఎదురుచూస్తున్నాను."

పాత మాటలు మిగిలిపోవడం నాకేం వింతగా తోచలేదు. మా ఎడ్లు పోయి ఎన్నేండ్లయిందో, దశరథ స్కూటర్ తీయాలన్నా ఇప్పటికీ "బండి కట్టు" అనే అంటాను.

అతన్ని స్కూటర్ మీద ఊరి బయట దాకా దింపి రమ్మంటే దశరథ ముఖం తిప్పుకున్నాడు. "నేను తీస్కపోతే మావోళ్ళు ఏమంటరమ్మా? బస్సు బందువెట్టి ఆంధ్రోళ్ళకు స్కూటర్ నడుపుతున్నవా అంటరు." అని ఒక్కడే వెళ్ళిపోయాడు.

విజయవాడ రోడ్డూ ఎల్బీనగర్ వైపే కాబట్టి, నేనూ ఆ అబ్బాయీ కలిసి నడిచాం. చైతన్యపురి దాటేసరికి నా మోకాళ్ళు మొరాయించాయి. కొత్తపేట దగ్గర నా చింతపండు గిన్నె అతనే అందుకున్నాడు.

చౌరస్తాలో దశరథ తోటి డ్రైవరు శ్రీనివాస్ అడ్డం నిలబడ్డాడు. "ఎవరు పెద్దమ్మా, గీయన?"

చుట్టమని చెప్పవచ్చు. కానీ నోరు తెరిస్తే అతని మాటే అతన్ని పట్టిస్తుంది.

"మా పైన కిరాయికుండేటామె కొడుకు. వైజాగు. రేపు పొద్దుగాల ఓడెక్కాలె. ముందుగాల ఇంత తిననియ్యి, పొద్దటి సంది ఏం తినలే."

వంటావార్పులో ఒక పద్ధతుంది. ఎవరొచ్చినా, ఆఖరికి పోలీసులొచ్చినా, తిని పొమ్మంటారు. పప్పు ఉడికాక ప్రసన్నకుమార్ కూడా బంతిలో కూర్చున్నాడు. రెండుసార్లు పెట్టించుకున్నాడు.

"ఉప్పు జర ఎక్కువైందా?" అన్నాడు శ్రీనివాస్.

"మా ఓడలో వంటాయన చేతికంటే తక్కువేనండీ."

బంతిలో నవ్వారు. అక్కడ ఎవరైనా నవ్వి చాలా రోజులైంది.

శ్రీనివాస్ చేయి కడుక్కుంటూ దశరథతో అన్నాడు: "మన బంతిల తిన్నోన్ని నడి తొవ్వల ఇడిశిపెడ్తమా? పెద్ద అంబర్‌పేట్ దాక దింపిరా. ఆడ లారీలు దొరుకుతయి. నీ బస్సేమన్న అడిగిండా?"

దశరథ నా వంక చూశాడు.

"బండి కట్టు బిడ్డా," అన్నాను.

మర్నాడు పొద్దున ఫోన్ మోగింది. "తాళ్ళు విప్పుతున్నారు మామ్మగారూ. నేను ఓడలోనే ఉన్నాను." విజయవాడ దాకా రెండు లారీలు మారాడట, అక్కణ్ణుంచి రైలులో నిలబడే వెళ్ళాడట. గొంతులో ఓపిక లేదు.

"ఓడ అందుకున్నడా?" దశరథ కళ్ళు తెరవకుండానే అడిగాడు.

"అందుకున్నడు."

"మనదెప్పుడు కదుల్తదో," అని అటు తిరిగి పడుకున్నాడు.

నేను మాడిన పప్పు గిన్నె ముందేసుకుని తోమడం మొదలుపెట్టాను. పదింటికల్లా మళ్ళీ చౌరస్తాకు పోవాలి.