ఎత్తుల వరస

సత్యం మీద పరిశోధన వ్యాసం రాస్తానన్నాను. పరిశోధనా పద్ధతులు చెప్పే మాస్టారు కళ్లజోడు తీసి, తుడిచి, మళ్లీ పెట్టుకున్నారు.

"ఎన్ని పేజీలు?"

"పది, సార్."

"సత్యానికి సరిపోతాయా?"

తరగతి నవ్వింది. ఆయన నవ్వలేదు. సాయంత్రం లైబ్రరీ మూసేలోగా పది పేజీల్లో పట్టే ప్రశ్న ఒకటి, దానికి ఆధారంగా రెండు పుస్తకాలు చూపించాలన్నారు. లేకపోతే ఎవరూ ముట్టుకోక మిగిలిన 'మురుగు కాలువల చరిత్ర' అనే అంశం నాదే. కాలువల మీద నాకు ద్వేషం లేదు. కానీ అప్పటిదాకా ఇతరుల ప్రశ్నలకే జవాబులు రాశాను. ఒక్క ప్రశ్నైనా నాదై ఉండాలనిపించింది.

లైబ్రరీ కౌంటరులో మా వదిన కూర్చుంటుంది. ఇంట్లో నా జడ లాగి నవ్వే మనిషి, మెడలో గుర్తింపు కార్డు పడగానే పరాయిదైపోతుంది.

"ఆడపడుచు గారికి ఏం కావాలో?"

"సత్యం."

"కంప్యూటర్లో కొట్టు."

కొట్టాను. పేర్లు తెర నిండా వచ్చి, ఎంత కిందికి జరిపినా వస్తూనే ఉన్నాయి.

"ఇన్నెలా చదవను వదినా?"

"కొండ తవ్వుతానని వచ్చింది నువ్వే. ఎలుక కనబడే దాకా తవ్వు."

అరల మధ్య తిరిగి తిరిగి ఒక పొట్టి పుస్తకం తీశాను. మనం సహజమనుకునే క్రమమంతా ఎవరో ఒకప్పుడు సర్దిపెట్టినదేనని అందులో ఒక వాక్యం ఉంది. అక్కడ ఆగిపోయాను. నా ప్రశ్న ఈ చుట్టుపక్కలే ఎక్కడో ఉందనిపించింది. పుస్తకాన్ని పొందికగా అరలో పెట్టి, బల్ల మీది కాగితం తెచ్చుకోవడానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి అది లేదు. అర అంతా వెతికాను, మళ్లీ వెతికాను, చివరికి కౌంటరు దగ్గరికి వెళ్లాను.

"తీసిన పుస్తకం ట్రాలీలో పెట్టమని గోడంత అక్షరాలతో రాశాం కదా," అంది వదిన. "నువ్వేం చేశావు?"

"ఉన్నచోటే పెట్టాను."

"ఇంట్లో డబ్బాలు సర్దినట్టా?"

మా అమ్మ పెంపకంలో డబ్బాలైనా గిన్నెలైనా పుస్తకాలైనా ఎత్తు ప్రకారం నిలబడాలి. నన్నడగకుండానే నా చేతులు ఆ పని చేసేశాయి.

వెనక్కి వెళ్లి, అట్టల మీద విషయాల వారీగా వేసిన అంకెలు చూడడం మానేసి ఎత్తులు చూస్తూ నడిచాను. ఇందాక పుస్తకం చదివిన చోట నా వెనకవైపు వరసలో పొట్టి పుస్తకాలు బుద్ధిగా ఒక మూలకు ఒదిగి ఉన్నాయి. వాటి మధ్య నా పుస్తకం. దాని పక్కనే, వెంట్రుకవాసి తేడా లేకుండా అంతే ఎత్తులో, మురుగు కాలువల చరిత్ర.

రెండూ చేతుల్లోకి తీసుకుని చూస్తుండగా వెనక మాస్టారి దగ్గు వినిపించింది.

"చివరికి కాలువల దారికే వచ్చావన్నమాట."

ఔనంటే సరిపోయేది. ఇంటికి పోవచ్చు.

"లేదు సార్. ఇవి రెండూ పక్కపక్కన ఉండకూడదని ఎవరు నిర్ణయించారు? ఎందుకు నిర్ణయించారు?"

"పక్కపక్కన పెట్టిందెవరు?"

"నేనే. ఎత్తులు కలిశాయని."

ఆయన రెండు పుస్తకాలనూ తీసుకుని, వీపులు ఆనించి, కంటికి ఎదురుగా పట్టి కొలిచారు. ఎత్తులు నిజంగానే కలిశాయి. అప్పుడు మొదటిసారి నవ్వారు.

"పది పేజీల్లో పడుతుంది. రాయి. కాలువలను మాత్రం వదలకు."

కౌంటరు దగ్గర వదిన రెంటి మీదా ముద్ర కొట్టి నా వైపు జరిపింది.

"రేపటి నుంచి ఎవరు ఎక్కడుండాలో ప్రశ్నిస్తావన్నమాట."

"ప్రశ్నిస్తాను."

"ఇక్కడ ప్రశ్నించుకో తల్లీ. ఇంట్లో డబ్బాలు మాత్రం ఎత్తుల వారీగానే పెట్టు. అత్తయ్యకు నేను జవాబు చెప్పలేను."