మూడు రోజుల దూరం

"సక్కగ నిలవడవే! నీ ముగ్గు సుత పక్కకు ఒరిగి పోతున్నది" అన్నది అనసూయమ్మ, గడప దాటకుండానే.

కస్తూరి తలయెత్తి చూసింది. చుక్కలు నిటారుగానే పెట్టాననుకున్నది. అత్తగారు చెప్పిన తరువాత చూస్తే పదకొండు వరుసలూ కుడివైపుకు వాలి ఉన్నాయి. లేవడానికి తలుపు రెక్క పట్టుకోవలసి వచ్చింది. కుడికాలు మోకాలి దగ్గర పూర్తిగా సాగదు, నడుము ఆ పక్కకే వంగుతుంది, అయినా తాను నిటారుగానే ఉన్నానని ఆమె మనస్సుకు తోస్తుంది. అద్దమో, అత్తగారో చెబితే తప్ప తెలియని వంకర అది.

ఆ వంకరకు వయస్సు నాలుగు నెలలు. ప్రత్యేక రాష్ట్రం కోసం ఊరూరా రహదారుల మీద వంటావార్పు జరిపిన జూన్ నెల ఆదివారం నాడు, జనగామ బజారు వ్యాపారుల ఇళ్ల వంతుకు పులిహోర వచ్చింది. ఉద్యమమంటే కస్తూరికి ప్రీతి. తమ యాసను సినిమాలలో రౌడీల నోట పలికించి నవ్వించిన కాలం ఆమెకు గుర్తుంది. ఇంటి పొయ్యిమీద చేసే పనినే ఆ రోజు నడివీధిలో చేసి, మొదటిసారి నలుగురి చేత శభాషనిపించుకున్నది. సాయంత్రం ట్రాక్టరు మీది నుండి పులిహోర వండిన పెద్ద గంజు దింపుతూ కాలు జారి పడింది. తల ఎడమపక్క దారి అంచు రాయికి కొట్టుకున్నది. వరంగల్లు దవాఖానలో స్కాన్ తీసి, చిన్న నెత్తురు గడ్డ ఉన్నది, దానంతటదే కరిగిపోతుందన్నారు. అన్నది ఆమెతో కాదు, ఆమె భర్త రమాకాంత్‌తో. నాలుగవ నాడు ఇంటికి వచ్చింది, ఆరవ నాడు పొయ్యి ముట్టించింది.

గడ్డ కరిగింది గాని కస్తూరి మాత్రం పూర్వపు కస్తూరి కాలేదు. ఎండపూట కూడా చలి. ఎంత నిద్రపోయినా తెల్లవారేసరికి బస్తాలు మోసినంత అలసట. దువ్వెన నిండా వెంట్రుకలు. "ఎముక ఇరగలే, నరం తెగలే. ఒళ్లు వంచుడు ఇష్టం లేక కాలు వంచుతున్నవ్" అన్నాడు రమాకాంత్ ఒకనాడు, తన మాటకు తానే నవ్వుకొని.  కస్తూరి దేవుని గదిలో దీపం వెలిగిస్తూ వేణుగోపాలుని ఇత్తడి విగ్రహాన్ని చూసింది. మెడ ఒక వంక, నడుము ఒక వంక, కాలు ఒక వంక. త్రిభంగి అని పేరు పెట్టి, ఆ మూడు వంకరలకూ మొక్కే ఇంటిలో తన ఒక్క వంకరకు నిలువ నీడ లేదుగదా అనుకున్నది.

ఆ గదిలోనే మేకుకు ఒక క్యాలెండరు వేలాడుతుంది. కోడలు దూరం కూర్చునే మూడు రోజులకూ ప్రతి నెలా ఎర్ర పెన్సిలుతో సున్నాలు చుట్టడం అనసూయమ్మ పద్ధతి, మడికి ఎక్కడా లోపం రాకూడదని. ఆ మూడు రోజులూ కస్తూరి వెనుక వసారాలో, ఒక చాప, ఒక గ్లాసుతో గడిపేది. అన్నం పైనుండి జారవిడిచేవారు. ఆమె పోతుంటే వాడ పిల్లలు కూడా పక్కకు తొలగేవారు. అవమానమే. అయినా ఎవరికీ చెప్పుకోలేని సత్యం ఒకటున్నది: నెలకు ఆ మూడు రోజులే ఎవరూ ఆమెను ఏమీ అడగరు. నడుము వాల్చి, రేకుల కప్పు మీద ఉడుతల పరుగు వినేది. జూన్ తరువాత ఆ సున్నాలు లేవు. అనసూయమ్మ మొదట కడుపనుకున్నది, తరువాత ముప్ఫై ఎనిమిదేళ్లకే ముట్లుడిగిందనుకున్నది. నవరాత్రులు దగ్గరపడేసరికి ఆమె ముఖం విప్పారింది. "అమ్మవారే కరుణించింది బిడ్డా. గీ యేడు తొమ్మిదొద్దులు అడ్డం లేదు. నైవేద్యమంతా నీ చేతుల మీదనే." ఆ కరుణతో కస్తూరికి నెలకు ముప్ఫై రోజులూ పనిదినాలయ్యాయి.

అది సకల జనుల సమ్మె కాలం. బస్సులు డిపోలలో నిలిచాయి, బడులకు తాళాలు పడ్డాయి, రమాకాంత్ కిరాణా దుకాణం సగం షట్టరు దించుకొని ఉన్నది. ఆయన పగలంతా దీక్షా శిబిరంలోనే. నవరాత్రులలో అయిదవ నాడు శిబిరంలో కూర్చునే వంతు డాక్టర్లది. వచ్చిపోయే జనానికి పులిహోర మాత్రం ఎప్పటివలె రమాకాంత్ ఇంటిది. కస్తూరి గంజు మోసుకొని వచ్చేసరికి మైకులో ఎవరో ఆత్మగౌరవం గురించి మాట్లాడుతున్నారు. ముందు వరుసలో కూర్చున్న మమత, ఊరిలో కొత్తగా దవాఖాన పెట్టిన డాక్టరు, ఆమె నడకను చూస్తూ లేచి వచ్చింది.

"అక్కా, గా గంజు కింద పెట్టు. చెవి మీద కుట్ల మచ్చున్నది, దెబ్బ ఎప్పుడు తాకింది?"

"పాత ముచ్చట మేడం" అన్నాడు రమాకాంత్ అడ్డువచ్చి. "స్కాన్ సాఫ్ వచ్చింది. జర బద్ధకం, గంతే."

"నేను అక్కను అడుగుతున్న, అన్నా" అని మమత ఆమెను టెంటు వెనుకకు తీసుకుపోయింది. నాడి పట్టింది, మోకాలు వంచి చూసింది, చలి గురించీ అలసట గురించీ అడిగింది. చివరకు గొంతు తగ్గించి, "నెలనెలా దూరం కూసుంటున్నవా?" అన్నది.

"జూన్ నుంచి లేదు."

"గీ మాట డాక్టర్లకు ఎందుకు చెప్పలే?"

"ఎవలు అడగలే. చెప్పేటందుకు పోయింది మా ఆయన."

 మమత నిదానంగా చెప్పింది. మెదడు అడుగున సెనగగింజంత గ్రంథి ఒకటి ఉన్నది. దెబ్బకు అది నలిగిపోయి ఉండవచ్చును. ఒంటికి మెదడు కబురు పంపే తోవ నరాలొక్కటే కాదు, నెత్తురు కూడా. ఆ గ్రంథి హార్మోన్లను నెత్తురులో వదిలితేనే గర్భసంచికి నెల తెలుస్తుంది, కండకు సత్తువ వస్తుంది. "కాలు ముడుచుకునుడు, నడుము ఒరుగుడు ఎంత దెబ్బతోని, ఎంత హార్మోన్లతోని అన్నది పరీక్ష చేస్తెనే తెలుస్తది. నీది బద్ధకం కాదక్కా. రేపు పొద్దుగాల ఎనిమిదింటికి, ఏం తినకుంట రా. ఆలస్యం చెయ్యకు. గా హార్మోన్లు తక్కువైనోళ్లు చిన్న జ్వరానికే పానం మీదికి తెచ్చుకుంటరు. నెల ఎప్పుడు ఆగిందో తారీఖులు సుత పట్టుకరా."

ఎనిమిది గంటలు నైవేద్యం వేళ. ఇంటికి వచ్చి చెబితే అనసూయమ్మ నోరు నొక్కుకున్నది. "అమ్మవారిచ్చిన వరాన్ని రోగమంటదా ఆ పిల్ల? దసరా ఎల్లనియ్యి, పోదాం." రమాకాంత్ కండువా సర్దుకుంటూ, "నాలుగొద్దులల్ల ఏం మునుగుతది? నేను శిబిరం ఇడిచిపెట్టి వస్తనా?" అన్నాడు. మరునాడు ఎనిమిది గంటల వేళ పొయ్యి ముందే గడిచిపోయింది. పాయసం కలుపుతుండగా కళ్లు చీకట్లు కమ్మి, గంటె చేతిలో ఉండగానే గోడకు ఒరిగింది. "మళ్లీ మొదలాయె" అన్నది అత్తగారు. గంటె మాత్రం అందుకోలేదు.

ఆ మధ్యాహ్నం భూపాలపల్లి నుండి అక్క శకుంతల ఫోను చేసింది. బావ గని కార్మికుడు, సమ్మెలో ఉన్నాడు.

"బొగ్గు తవ్వుడు బంద్ చేసి మీ బావ ఇంట్లనే ఉన్నడే. పూటకు పదిమంది దోస్తులు, పదిసార్ల చాయ. నేను సుత వంట బంద్ చేస్తనంటే అందరు పడిపడి నవ్విండ్రు."

"నువ్వేమన్నవ్?"

"ఏమంట? సకల జనులు అంటిరి గదా, మేము జనం కాదా అన్న. ఇంకింత నవ్విండ్రు. మళ్ల చాయ పెట్టిన." అక్క కూడా నవ్వింది. 

ఏడవ నాటి తెల్లవారుజామున కస్తూరి స్నానం చేసి, అందరికంటే ముందు దేవుని గదిలోకి పోయింది. కుడికాలు ముడుచుకోనిచ్చి, ఎట్లా కూర్చోగలదో అట్లాగే కూర్చున్నది. అబద్ధమాడి ఎరుగని మనిషి, అందులోనూ నవరాత్రులలో. "తల్లీ, నీ ముందర దాపరికం లేదు. నా ఒంట్లో నీవు పెట్టిన ఏరు ఎండిపోయింది. పారుతున్నదని ఈ ఇంటికి చెప్పబోతున్నాను. పాపమైతే నాకే రానీ. నన్ను మాత్రం బ్రతకనీ" అన్నది. దీపం నిశ్చలంగా వెలుగుతున్నది. మేకు మీది క్యాలెండరు తీసి చుట్టి, చీరకొంగులో దాచుకొని వెనుక వసారాకు నడిచింది.

"అత్తమ్మా, నేను దూరమున్న."

అనసూయమ్మ కుచ్చెళ్లు దగ్గరకు లాక్కొని నాలుగడుగులు వెనుకకు జరిగింది. "అయ్యో, ఇయ్యాళ్లనేనా! రేపు అష్టమి గదనే!" ఆనాడు వంటంతా ఆమెదే. కస్తూరి చాపమీద వాలి సాయంత్రం దాకా నిద్రపోయింది. నాలుగు నెలల తరువాత ఉడుతల చప్పుడు మళ్లీ విన్నది.

అష్టమి ఉదయం ఏడున్నరకు ఆమె ఏమీ తినకుండా, క్యాలెండరు చంకలో పెట్టుకొని వాకిట్లోకి వచ్చింది. పూజకు పట్టుపంచ కట్టుకొని నిలిచిన రమాకాంత్ తెల్లబోయాడు.

"ఏడికి?"

"దవాఖానకు."

"దసరా ఎల్లినంక అంటి గద! లోపలికి నడువు." భుజం పట్టి వెనుకకు మళ్లించడానికి చెయ్యి చాపాడు.

కస్తూరి కదలలేదు. కుడివైపుకు వాలిన నడుముతోనే, వాలినంత వరకు స్థిరంగా నిలబడింది. "ముట్టకుండ్రి" అన్నది మెల్లగా. "మడి మీదున్నరు."

చెయ్యి గాలిలో ఆగింది. వెనుక గడపలో నుండి అనసూయమ్మ గొంతు చించుకొని అరిచింది, "ముట్టకురా బిడ్డా! జరుగు, తొవ్వ ఇడువు!"

రమాకాంత్ పక్కకు జరిగాడు.